పాత ట్రాన్స్‌పాండర్‌లో కోడ్ మార్చేటప్పుడు స్టాండ్‌బైకి తిప్పాలా, వద్దా?

కొత్తరెక్కలు:
అమెరికాలో సెస్నా 172 మీద శిక్షణలో ఉన్నాను. ప్యానెల్‌లో ఉన్నది కింగ్ కేటీ 76ఏ ట్రాన్స్‌పాండర్, అంటే రాడార్ అడిగినప్పుడల్లా కంట్రోలర్ ఇచ్చిన నాలుగంకెల కోడ్‌ను, ఎత్తును జవాబుగా పంపే పెట్టె. నాలుగు అంకెలకు నాలుగు నాబ్‌లు, పక్కన స్టాండ్‌బై (జవాబు పంపదు), ఆన్ (కోడ్ మాత్రమే), ఆల్ట్ (కోడ్, ఎత్తు రెండూ) వంటి స్థానాలున్న మరో నాబ్. కొత్త కోడ్ వచ్చినప్పుడల్లా ముందు స్టాండ్‌బైకి తిప్పి, అంకెలు మార్చి, తిరిగి ఆల్ట్‌కి తేవాలని ఒక శిక్షకుడు పట్టుబడతారు. స్టాండ్‌బై జోలికే పోవద్దని ఇంకొకరు. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఎవరి మాట వినాలి?

పాతపెట్టె:
మొదటి ఆయన మాట వినండి. తరువాత వచ్చిన గార్మిన్ జీటీఎక్స్ 327 వంటి వాటిలో నాలుగో అంకె నొక్కేదాకా కొత్త కోడ్ అమల్లోకి రాదు. మీ పెట్టెకు ఆ ఓపిక లేదు. నాబ్‌లు ఎక్కడుంటే ఆ క్షణాన రాడార్‌కు అదే జవాబు వెళ్తుంది. 7500 అంటే హైజాక్, 7600 అంటే రేడియో పనిచేయడం లేదని, 7700 అంటే అత్యవసరం. 2700 నుంచి 7200కి మారాలనుకోండి. ఎడమ నుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. మొదటి నాబ్ 7కి రాగానే మీరు 7700! పైగా దశాబ్దాల నాటి నాబ్‌లలో కాంటాక్టులకు మురికి పడితే కిటికీలో కనిపించేది ఒక అంకె, గాలిలోకి వెళ్లేది మరొకటి. తిప్పుతున్నంతసేపూ నోరు మూయించడమే మర్యాద.

రాడార్‌గది:
పాతపెట్టె గారూ, మీరు చెప్పిన 2700, 7200 ఉదాహరణే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పైలట్ల మార్గదర్శినిలోనూ ఉంది. కానీ అక్కడ చెప్పిన మందు వేరు: ముందు 2200 చేసి, తరువాత 7200 చేయమంటుంది. అంటే తిప్పే వరుస మార్చుకోమని. దీని నుంచి నేను తీసుకునే సూత్రం ఇది: 7తో మొదలయ్యే కోడ్‌కు వెళ్లేటప్పుడు మొదటి నాబ్‌ను చివర తిప్పండి, 7 నుంచి బయటికి వచ్చేటప్పుడు దాన్నే ముందు తిప్పండి. మధ్యలో ఏ ప్రమాదపు కోడూ తగలదు. జాగ్రత్త పడాల్సింది 7600, 7700లకే కాదు, 7600 నుంచి 7677 వరకు, 7700 నుంచి 7777 వరకు మొత్తం కుటుంబానికి. 7500 మాత్రం ఒంటరిది.

తప్పుడు అలారం భయం కూడా కొంత అతిగా ఉంది. విమానాశ్రయపు రాడార్ ఒక చుట్టు తిరగడానికి సుమారు ఐదు సెకన్లు పడుతుంది. దాని కిరణం మీ మీద పడేది అందులో ఎంతో చిన్న ముక్క. దానికి భయపడి స్టాండ్‌బైకి వెళ్తే మా కంట్రోలర్ల తెర మీద మీ కోడూ ఎత్తూ మాయమవుతాయి. మార్చి వెనక్కి తేవడం మరిచిపోతే? 2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్ మీదుగా వెళ్తున్న లెగసీ 600 జెట్‌లో ట్రాన్స్‌పాండర్ సుమారు గంటసేపు స్టాండ్‌బైలో ఉండిపోయింది. సిబ్బందికి తెలియనే లేదు. 37,000 అడుగుల దగ్గర గోల్ సంస్థ బోయింగ్ 737ను ఢీకొంది, దానిలోని 154 మందీ చనిపోయారు. అక్కడ కంట్రోలర్ల తప్పులూ ఉన్నాయి, కాదనను. కానీ ట్రాన్స్‌పాండర్ మౌనంగా ఉంటే రెండు విమానాల్లోని ఢీ హెచ్చరిక వ్యవస్థలూ ఒకదానినొకటి చూసుకోలేవు.

పాతపెట్టె:
లెగసీలో ఉన్నది కొత్త తరం తెర. మూలన చిన్న అక్షరాల్లో స్టాండ్‌బై అని రాసి ఉంటే కన్ను పట్టుకోకపోవచ్చు. కేటీ 76ఏలో నాబ్ ఎటు తిరిగి ఉందో చేతితో తడిమినా తెలుస్తుంది. స్టాండ్‌బైలో జవాబు ప్రసారం చేసే ట్యూబు వేడిగానే ఉంటుంది కాబట్టి వెనక్కి తేగానే పనిచేస్తుంది. ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు.

రాడార్‌గది:
మరిచిపోవడం గురించి మీ మాట కొంత ఒప్పుకుంటాను. నా అసలు బెంగ ఇంకొకటి. మీ నాబ్‌లో స్టాండ్‌బై తరువాత వచ్చేది ఆన్, ఆ తరువాతే ఆల్ట్. తొందరలో ఒక క్లిక్కు ముందే చేయి ఆగిపోతుంది. జవాబు వెళ్లినప్పుడల్లా వెలిగే దీపం చక్కగా మిణుకుమంటూనే ఉంటుంది, అంతా బాగుందనుకుంటారు. కానీ ఎత్తు వెళ్లదు. అప్పుడు ఎదుటి విమానంలోని వ్యవస్థ మీరున్నారని హెచ్చరించగలదు గానీ, పైకి వెళ్లు, కిందికి దిగు అని చెప్పలేదు.

గాలిమర:
ఎత్తు కనబడకపోతే ఏమవుతుందో మన దేశానికి తెలుసు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ 747, కజక్ ఐఎల్-76 ఢీకొని 349 మంది పోయారు. అప్పటి ఢిల్లీ కంట్రోలర్ రాడార్ తెర మీద విమానాల ఎత్తు కనిపించేది కాదు.

విషయం కాస్త పక్కకు పోతుంది గానీ, కొత్తరెక్కలు గారూ, ఆ ప్యానెల్‌లో కేఎక్స్ 155 రేడియో ఉంటే దాని తిక్క కూడా నేర్చుకోండి. లోపలి నాబ్ మామూలుగా 50 కిలోహెర్ట్జ్ చొప్పున దూకుతుంది. 119.275 కావాలంటే 119.25 నుంచి నేరుగా 119.30కి పోతుంది. నాబ్‌ను బయటికి లాగితేనే 25 చొప్పున కదులుతుంది. మూడో దశాంశం తెర మీద కనబడదు, 119.27 అనే చూపిస్తుంది.

కొత్తరెక్కలు:
ఉంది, అదే రేడియో! రేపు నేల మీద ఇంజిన్ వేయకముందే వరుసగా తిప్పడం సాధన చేస్తాను. నాబ్‌ను ఆల్ట్ మీదే ఉంచి.

పాతపెట్టె:
చేయండి. సాధన ముగిశాక మాస్టర్ స్విచ్ ఆపండి, బ్యాటరీ దిగిపోతుంది. నేను మాత్రం స్టాండ్‌బైకే తిప్పుతాను, నా పెట్టెలో మూడు నాబ్‌లు చాలా గట్టిపడ్డాయి.