పాత రాతి వంతెన ఉన్న అభయారణ్యం: ఫోటో దిగడం తప్ప ఇంకేం చూడొచ్చు?

వాగొడ్డు: వచ్చే వారం పిల్లలతో వెళ్తున్నాం. లోపల వాగు మీద కమానుల వంతెన ఉంది, చాలా పాతది. వెళ్లినవాళ్లంతా దాని మీద నిలబడి ఫోటో దిగి వచ్చేస్తున్నారు. అంతేనా? పైగా అంత పాతదాని మీద పిల్లల్ని నడిపించాలంటే నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది.

సున్నపురాయి: పైన నిలబడితే వంతెన కనపడదండీ. కిందికి దిగే బాట ఉంటే దిగి, కమాను లోపలి వైపు చూడండి. రాళ్లన్నీ కింది వైపు సన్నగా, పై వైపు వెడల్పుగా చెక్కి ఉంటాయి, అందుకే ఒకదాన్నొకటి నొక్కుకుంటూ జారకుండా నిలబడతాయి. కట్టేటప్పుడు కింద చెక్క చట్రం పెట్టి, నడినెత్తి రాయి చివర్లో బిగించి, ఆ తర్వాత చట్రం తీసేసేవాళ్లు. చైనాలో క్రీ.శ. 605 ప్రాంతంలో పూర్తయిన జావోజౌ వంతెన ఈ పద్ధతిలోనే దాదాపు 37 మీటర్ల వెడల్పును ఒక్క కమానుతో దాటింది, ఇప్పటికీ ఉంది. స్తంభాలు ఎగువ వైపు కోసుగా ఉన్నాయేమో కూడా పిల్లలకి చూపించండి, వరద నీటిని చీల్చడానికి అలా కడతారు.

గబ్బిలం: సున్నపురాయి గారు రాళ్ల దగ్గరే ఆగిపోయారు :) ఆ రాళ్ల మీద బూడిదరంగు, పసుపు మచ్చలుంటాయి చూడండి, అవి మరకలు కావు, శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవం. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగని రకాలున్నాయి, కాబట్టి దయచేసి గోకి పేర్లు రాయనివ్వకండి. సందుల్లో గబ్బిలాలు ఉండొచ్చు, ఫ్లాష్ కొట్టొద్దు.

వాగొడ్డు: బావుంది, మరి భద్రత సంగతి?

ఇరుసు: రాయికి నడిచే మనుషుల బరువు ఒక లెక్క కాదు. ఇలాంటి వంతెనలు ఎక్కువగా దెబ్బతినేది కింద, ప్రవాహం పునాది దగ్గర మట్టిని కోసుకుపోవడం వల్ల, పైనుంచి అది కనపడదు. అందుకే పెద్ద వరద వచ్చాక అధికారులు తెరిచేదాకా దాని మీదికి వెళ్లొద్దు. పక్కగోడ ఉబ్బినట్టున్నా, సందుల్లోంచి చెట్టు మొలిచి రాళ్లు కదిలినట్టున్నా అటువైపు వెళ్లకండి. మామూలు రోజుల్లో అసలు భయం పాచితో, పిట్టగోడ ఎత్తుతో. చాలాచోట్ల ఆ గోడ మోకాలి దాకానే ఉంటుంది, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.