‘ఆత్మవిశ్వాసం’ పాటలో ఎందుకు ఇమడదు?

మూలాపేట, నెల్లూరు:
ఆడపిల్లల దిగులు, దాన్నుంచి తేరుకోవడం మీద వచ్చే పాప్ వీడియోలకి తెలుగు మాటలు కట్టేటప్పుడు ఒకే చోట బండి ఆగిపోతుండాది. అద్దం ముందు పిల్ల, ఫోన్లో వేరేవాళ్ల నవ్వు మొహాలు, చీకటి గది, ఆ తర్వాత కోరస్‌లో తల ఎత్తడం. ఆ తల ఎత్తే చోట ‘ఆత్మవిశ్వాసం’ పెడితే తాళానికి పడడం లేదు. బదులు ఏం పెట్టొచ్చు?

ఒంగోలు:
పొట్టి అక్షరానికి (లఘువు) 1 మాత్ర, పొడుగుదానికి (గురువు) 2, అలా లెక్క వేసి చూడండి. ఆ 2, త్మ 1, వి 2, శ్వా 2, సం 2. మొత్తం 9 మాత్రలు. (‘వి’ పొట్టిదే, వెనక సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువైంది.) పాప్‌లో ఎక్కువగా నాలుగు దెబ్బల ఆవర్తం (తాళం ఒక చుట్టు). దెబ్బకి రెండు మాత్రలు వేసుకుంటే 8. అంటే ‘సం’ సగం ఇటు, సగం తర్వాతి ఆవర్తం మొదటి దెబ్బ మీద. కొత్త వాక్యం ఎత్తుకోవాల్సిన చోట గొంతు పాత మాటని ఈడుస్తూ ఉంటుంది. ‘ఆత్మస్థైర్యం’ సరిగ్గా 8, కానీ నాలుగూ గురువులే. ఊరేగింపులో నినాదంలా ఉంటుంది.

ఇంకోటి. మా వైపు విశ్వాసం అనగానే చర్చి గుర్తొస్తుంది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. ఇక్కడ విశ్వాసి అంటే సంఘస్థుడు, ఆత్మ అంటే పరిశుద్ధాత్మ. సబ్‌టైటిల్‌లో చోటు చాలక ‘ఆత్మ’ పై వరసలో, ‘విశ్వాసం’ కింది వరసలో పడితే ఆరాధన పాట అనుకుంటారు. ఆ మాట వాడక తప్పకపోతే సమాసం విరగకుండా వరస కొట్టండి.

ఉదయగిరి:
‘నిబ్బరం’ వాడండి. 5 మాత్రలు. ‘నిబ్బరం నాది’ అంటే సరిగ్గా 8.

కావలి:
అన్నా, నిబ్బరం మంచి మాటే, కానీ అది ఎక్కడ వినపడుద్దో గుర్తు చేసుకో. చావు జరిగిన ఇంట్లో. ‘నిబ్బరం చేసుకో అమ్మా, పిల్లకాయల మొహం చూడు’ అంటారు. కోరస్‌లో లైట్లన్నీ వెలిగి డాన్సు మొదలయ్యే చోట అది పెడితే పరామర్శకి వచ్చినట్టుంటాది.

ఉదయగిరి:
ఒప్పుకుంటా. అయితే కోరస్‌కి కాకుండా, చివరి కోరస్‌కి ముందు వాయిద్యాలన్నీ తగ్గి గొంతొక్కటే మిగిలే భాగం ఉంటుంది చూడండి, అక్కడికి మార్చండి. అక్కడ పిల్ల తనని తానే ఓదార్చుకుంటోంది కదా. ఒక జాగ్రత్త: ‘ని’ మీద స్వరం సాగదీయకూడదు. ద్విత్వం ముందు అచ్చుని లాగితే ‘నీబరం’ అని వినపడుతుంది. సాగదీయాల్సింది ‘రం’ని. ‘నమ్మకం’కి కూడా ఇదే చిక్కు. పైగా నమ్మకం అంటే ఎవరి మీద అని చెప్పాలి. ‘నా మీద నాకు నమ్మకం’ అని పూర్తిగా చెప్తే 13 మాత్రలు, ఒకటిన్నర ఆవర్తం దాటిపోతుంది. ట్యూన్లో మొదటి స్వరం పొడుగ్గా ఉంటే ‘ధైర్యం’ బాగా పలుకుతుంది, కానీ అది భయానికి విరుగుడు. ఈ పిల్లకి ఉన్నది భయం కాదు, తను తక్కువదాన్నని అనుకోవడం.

మూలాపేట:
తిక్కన ఊరోళ్లం, విరాటపర్వంలో ద్రౌపది కీచకుణ్ణి బెదిరించే పద్యం నుంచి ఏదైనా తీసుకుంటే?

ఒంగోలు:
ఆ పద్యం బరువంతా ‘మత్పతుల్’ మీద ఉంది. నా భర్తలు అయిదుగురూ నీ ప్రాణం తీస్తారని ఆమె బెదిరింపు. ఈ వీడియోలో పిల్ల వెనక ఎవరూ లేరు, అసలు కథే అది.

కావలి:
అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషులో ‘కాన్ఫిడెన్స్’ అని నామవాచకం ఉందని మనమూ నామవాచకమే వెతుకుతుండాం. మన ఇళ్లల్లో మగపిల్లోడికి ఉంటే దాన్ని దమ్ము అంటారు, తెగువ అంటారు. అదే ఆడపిల్లకి ఉంటే పొగరు, టెక్కు, తలబిరుసు. ఆమెకి మంచి పేరు పెట్టాలంటే ప్రశ్నపత్రం భాషలోకి పోవాల్సిందే, అందుకే ఆత్మవిశ్వాసం వచ్చి కూర్చుంది. కానీ ఆ మాట లేకుండానే మనవాళ్లు చెప్తారు: ‘నాకేం తక్కువ’. లెక్క వేయండి: నా 2, కేం 2, త 2, క్కు 1, వ 1. మొత్తం 8!

ఉదయగిరి:
ఇది పట్టింది. మొదటిది ‘నా’, దీర్ఘం, ఎంత లాగినా చెడదు. ‘త’ మీద మాత్రం ఆగొద్దు, ‘తాకువ’ అవుతుంది. చివర ‘వ’ని లాగుకోవచ్చు, వరస చివర చెవి ఒప్పుకుంటుంది. అయితే గొంతు ‘కేం’ మీద ఎక్కితే బడాయి, ‘తక్కువ’ మీద దిగితే నిజంగా అడుగుతున్నట్టు. ఒకటే వాక్యం, రెండు అర్థాలు. మొదటి చరణంలో అద్దం ముందు దించి పాడించి, కోరస్‌లో ఎక్కించండి. వేరే మాట అక్కర్లేదు.

ఒంగోలు:
పాప్‌లో చరణం ముందు, కోరస్ వెనక. మన పాటలో పల్లవే ముందొస్తుంది. మన అలవాటుకొద్దీ పల్లవితో ఎత్తుకుంటే జవాబు ముందే చెప్పేసినట్టవుతుంది. చరణంతోనే మొదలెట్టండి.

మూలాపేట:
చరణంలో బాధకి ‘మానసిక సంఘర్షణ’ అని రాసి ఉండాది.

కావలి:
11 మాత్రలు, డాక్టరు చీటీ లాగుంటాది, తీసెయ్. దిగులు, గుబులు, వెలితి, బెంగ అన్నీ తలా మూడు మాత్రలు, ఒకదాని చోట ఒకటి సరిపోతాయి. కానీ అర్థాలు కలపొద్దు. బెంగ అంటే దూరంగా ఉన్న మనిషి కోసం. గుబులు అంటే ఏదో జరగబోతుందని. ఫోన్లో అందరి ఫొటోలూ చూసి తనలో ఏదో లేదనిపించడం వెలితి. ఆ షాట్‌కి ‘వెలితి’ వేయండి. స్నేహితురాళ్లు నవ్వే షాట్‌లో ‘చిన్నబోయింది’ చాలు, మొహం కూడా కనిపిస్తుంది మాటలో.

మూలాపేట:
సబ్‌టైటిల్‌లో ‘నాకేం తక్కువ’ చివర ప్రశ్న గుర్తు పెట్టాలా అక్కా?

కావలి:
చరణంలో పెట్టండి. కోరస్‌లో తీసేయండి.