అప్లికేషన్లు లేని డెస్క్‌టాప్: పత్రం ముందా, పనిముట్టు ముందా?

తెల్లకాగితం:
ఉద్యోగం నుంచి రిటైరైన మా నాన్నగారు మొన్న కంప్యూటర్లో ఒక అర్జీ రాశారు. అందులో నాలుగు సర్వే నంబర్లు, వాటి విస్తీర్ణాలు, కింద మొత్తం ఉండాలి. ఉత్తరం ఒక అప్లికేషన్లో రాశారు, లెక్క మరొక దాంట్లో వేసి తెచ్చి అతికించారు. తర్వాత ఒకచోట 40 సెంట్లు కాదు, 14 సెంట్లని గుర్తొచ్చి లెక్కల ఫైలులో దిద్దారు. ఉత్తరంలో పాత మొత్తమే ఉండిపోయింది. ప్రింటు తీశాక గానీ కనిపించలేదు. "నేను రాసింది ఒక్క కాగితమే కదా, రెండు చోట్ల ఎందుకుంది?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు.

1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్లో ఆయనకు ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అక్కడ అప్లికేషన్ తెరవడమనేది లేదు. ఖాళీ పత్రానికి నకలు తీసుకుని రాసుకోవడమే. కీబోర్డు ఎడమవైపున "తరలించు", "నకలు తియ్యి", "తొలగించు", "గుణాలు చూపించు" అనే మీటలు ఉండేవి. అక్షరమైనా, బొమ్మైనా, ఫైలైనా అవే మీటలు. రెండేళ్ల తర్వాత ఆపిల్ లీసాలో కాగితాల దస్తా బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఒక కాగితం చిరిగి చేతికొచ్చేది. మనకూ తెర మీద దస్తాలు ఉంటే చాలు, పనిముట్లు తెర వెనక ఉండాలి. ఇది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

పాతకాపు:
కాదంటాను. స్టార్ ఒక్కో యంత్రం 16 వేల డాలర్లకు పైన, లీసా దాదాపు 10 వేలు. ధరే ముంచిందంటారు, సరే. మరి ఓపెన్‌డాక్ సంగతి? ఆపిల్, ఐబీఎం కలిసి తలపెట్టారు. మామూలు మాకింటాష్‌ల మీదే నడిచింది. ఒకే కాగితంలో రాత ఒక కంపెనీ ముక్క, పట్టిక ఇంకో కంపెనీ ముక్క, బొమ్మ మరొకరిది. 1997 మార్చిలో ఆపిల్ దాన్ని పక్కన పెట్టేసింది. మెమరీ బాగా తింటుందని అప్పట్లో అందరూ విసుక్కున్నారు, అది నిజమే. నాకు మాత్రం అసలు చిక్కు వేరే అనిపిస్తుంది. పెద్ద వర్డ్ ప్రాసెసర్ అమ్ముకుని బతికే కంపెనీ దాన్ని ముక్కలుగా కోసి చిల్లరకు ఎందుకు అమ్ముతుంది? పట్టిక ముక్క చెడి ఉత్తరం మొత్తం ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలి?

ఇంకో మాట. వీడియో కాల్ ఏ కాగితం? ఆట ఏ కాగితం?

డీటీపీ_పాతికేళ్లు:
నేను తెల్లకాగితం గారి వైపు. 2004లో ఒక గ్రంథాలయం సావనీరు కంపోజ్ చేశాను, 96 పేజీలు. ఇప్పుడు వాళ్లు రెండో ముద్రణ కావాలన్నారు. ఫైళ్లున్నాయి, సీడీ భద్రంగా ఉంది. అప్పటి పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్ ఈ యంత్రం మీద ఎక్కదు. ఎలాగో రాతను బయటికి లాగితే తెలుగు లేదు, అన్నీ డాలర్ గుర్తులు, కొక్కేలు, రోమన్ అక్షరాలు. సంపాదకీయం మొదటి వాక్యం కూడా పోల్చుకోలేకపోయాను. చివరికి అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని మళ్లీ టైపు చేస్తున్నాను. పత్రం కన్నా పనిముట్టు ముఖ్యమైతే జరిగేది ఇదే.

పాతకాపు:
మీ శ్రమకు జాలేస్తోంది గానీ తప్పు అప్లికేషన్‌ది కాదండీ. ఆ ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చుకున్నాయి. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా ప్రెస్సుల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ సావనీరు అప్పుడే యూనికోడ్‌లో ఉండి ఉంటే, ఏ అప్లికేషన్ పోయినా రాత మిగిలేది. దస్తాలు, మీటలు ఎన్ని పెట్టినా లోపలి రాత గుట్టుగా ఉంటే మళ్లీ ఇదే గతి.

తెల్లకాగితం:
ఇది ఒప్పుకోక తప్పదు. ఓపెన్‌డాక్ పత్రాన్ని దాచే పద్ధతికి బెంటో అని పేరు, జపాన్ వాళ్ల భోజనపు పెట్టె. మన క్యారియరు అనుకోండి. గిన్నెలు చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఏ గిన్నెలో ఏముందో ఆ వండినవాడికే తెలిస్తే క్యారియరు ఉండీ లాభం లేదు. కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. పత్రం ముందుండాలి, దాని లోపలి అమరిక అందరికీ తెలిసినదై ఉండాలి. రెండోది లేకుండా మొదటిది వట్టి అలంకారం.

వీడియో కాల్ కాగితం కాదు, ఒప్పుకుంటాను. దాన్ని లాక్కొచ్చి కాగితం చేయను. ఫోనును ఫోనుగానే ఉండనివ్వండి.

లంకె:
నాన్నగారి సమస్యకు 1993 నుంచీ మందుంది. ఒక అప్లికేషన్ పత్రంలో మరో అప్లికేషన్ ముక్కను పొదిగే మైక్రోసాఫ్ట్ పద్ధతి ఓఎల్ఈ, దాని రెండో రూపం ఆ ఏడాదే వచ్చింది. వర్డ్ ఉత్తరంలో ఎక్సెల్ పట్టికను పొదిగి దాని మీద రెండుసార్లు నొక్కండి. కిటికీ అదే, మెనూలు మాత్రం లెక్కలవి వస్తాయి. అక్కడే దిద్దితే మొత్తం అక్కడే మారుతుంది. చాలామందికి ఇది ఉందనే తెలియదు. తెలిసినవాళ్లు పొదగడానికి బదులు విడిగా ఉన్న లెక్కల ఫైలుకు లంకె వేస్తారు, ఆపైన ఆ ఫైలును వేరే ఫోల్డరులోకి మారుస్తారు, లంకె తెగుతుంది.

డిజైనర్‌ని:
అందరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, చిన్నది అడుగుతాను. ఉత్తరంలో ఒక వాక్యం రాశాను, పట్టికలో ఒక అంకె మార్చాను, మళ్లీ ఉత్తరంలోకి వచ్చి కామా పెట్టాను. ఇప్పుడు కంట్రోల్-జెడ్ రెండుసార్లు నొక్కితే ఏది వెనక్కి పోవాలి? కామా, తర్వాత అంకెనా? కామా, తర్వాత వాక్యమా? నేను ఉత్తరం చూస్తుంటే కంటికి కనబడని పట్టికలో అంకె మారిపోతే మీ నాన్నగారి అర్జీ మళ్లీ తప్పే కదా. ఇది తేలకుండా దస్తా బొమ్మలు గీయకండి.

తెల్లకాగితం:
మంచి ప్రశ్న. నాన్నగారినే అడిగాను. "ఆఖరున ఏది రాశానో అది ముందు చెరగాలి, ఎక్కడున్నా సరే. కాకపోతే చెరిగేచోటికి నన్ను తీసుకెళ్లి చూపించి చెరపమను" అన్నారు. అంటే కాగితానికంతటికీ ఒకటే వరస, వెనక్కి పోయేటప్పుడు తెర ఆ చోటికి జరగాలి. ఈ డెస్క్‌టాప్‌కు నేను చేస్తున్న నమూనాలో అలాగే పెడుతున్నాను.

డిజైనర్‌ని:
ఆయన ఒక్కరే రాస్తున్నప్పుడు అది సరిపోతుంది. అదే అర్జీలో పట్టికను మీ అన్నయ్య హైదరాబాదు నుంచి అదే సమయంలో నింపుతుంటే? నాన్నగారు వెనక్కి నొక్కితే అన్నయ్య అంకె చెరగాలా?

తెల్లకాగితం:
చెరగకూడదు. అప్పుడు ఒకటే వరస అన్న మాట నిలబడదు. మనిషికో వరస పెట్టి చూస్తాను, ఆదివారం లోపు నమూనా ఇక్కడే పెడతాను.