ఉబుంటు 22.04 సర్వర్‌లో ఐపీఎంఐ డివైస్ దొరకడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక పాత ర్యాక్ సర్వర్ మీద ఉబుంటు 22.04 నడుస్తోంది. ఫ్యాన్లు, టెంపరేచర్, పవర్ సప్లై ఎలా ఉన్నాయో లైనక్స్ నుంచే చూడాలి. కంపెనీ వాళ్ల మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఆర్‌పీఎం ప్యాకేజీగానే ఉంది. దాన్ని ఏలియన్ అనే కన్వర్టర్‌తో ఉబుంటు వాడే డెబ్ ప్యాకేజీగా మార్చి ప్రొడక్షన్ మెషీన్‌లో పెట్టే ధైర్యం నాకు లేదు. అందుకే ఆప్ట్ నుంచి ఐపీఎంఐటూల్ వేశాను (ఐపీఎంఐ అంటే సర్వర్ హార్డ్‌వేర్ స్థితిని చూసే ప్రమాణం, ఇది దాని కమాండ్ టూల్).

సెన్సర్ల లిస్ట్ అడిగితే '/డెవ్/ఐపీఎంఐ0' తెరవలేకపోయానంటూ ఎర్రర్ ఇస్తోంది. కెర్నల్ మాడ్యూళ్లు ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఐపీఎంఐ_డెవ్ఇంట్ఎఫ్ మాడ్యూల్ బాగానే ఎక్కింది. హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఐపీఎంఐ_ఎస్ఐ మాడ్యూల్ మాత్రం 'అలాంటి డివైస్ లేదు' అంటోంది. విచిత్రం ఏంటంటే, బయోస్ ఇచ్చే హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్‌లో టైప్ 38 (ఐపీఎంఐ డివైస్ వివరాలు) చూస్తే కేసీఎస్ ఇంటర్‌ఫేస్ (లైనక్స్ నుంచి మేనేజ్‌మెంట్ చిప్‌తో మాట్లాడే దారి) ఉన్నట్టే చూపిస్తోంది. బీఎంసీ (సర్వర్‌లో విడిగా నడిచే ఆ మేనేజ్‌మెంట్ చిప్) వెబ్ పేజీ కూడా బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, కాబట్టి అది బతికే ఉంది. సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉంది.

బయోస్‌లో గానీ బీఎంసీ సెట్టింగుల్లో గానీ హోస్ట్ వైపు ఐపీఎంఐని ఆపేసే ఆప్షన్ ఉంటుందా? సర్వర్ రీస్టార్ట్ చేయాలంటే రాత్రి దాకా ఆగాలి, అందుకే ముందే అడుగుతున్నా. బీఎంసీని మాత్రమే కోల్డ్ రీసెట్ చేస్తే నడుస్తున్న లైనక్స్‌కి ఏమైనా ఇబ్బందా? ఐపీఎంఐటూల్‌లోని లాన్‌ప్లస్ ఆప్షన్‌తో నెట్‌వర్క్ మీదుగా చదవొచ్చని తెలుసు, కానీ యూడీపీ 623 పోర్ట్ తెరవడానికి మా నెట్‌వర్క్ టీమ్ ససేమిరా అంటోంది.

ఇంకొకటి, రెయిడ్ కార్డు (పలు డిస్కులను కలిపి నడిపే కార్డు) వెనకున్న డిస్కుల ఆరోగ్యం చూడటానికి స్మార్ట్‌సీటీఎల్‌లో మెగారెయిడ్ ఆప్షన్ సరిపోతుందా, రెయిడ్ కార్డుల కోసమే ఉన్న స్టోర్‌సీఎల్ఐ టూల్ కూడా వేయాలా? ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు కాస్త చెప్పండి. కెర్నల్ లాగ్ కావాలంటే పెడతాను.