వేర్ల బూజు ఉంటే ఎండాకు నిలుస్తాదా, మగ్గుతాదా? నిలిస్తే అది మట్టి కర్బనమేనా?

బంగారుపాళ్యం_తోపు

మాది ఏడెకరాల తోతాపురి తోపు. ఉత్తరం గట్టు అవతల పక్కోళ్ల నీలగిరి తోట. దాని వేర్లు మా చెట్ల నీళ్లు లాగేస్తాయని మూడేండ్ల కింద గట్టు పొడుగునా మూడడుగుల లోతున కందకం తీయించినాను. ఆ నీలగిరి ఆకు గాలికి కొట్టుకొచ్చి రెండు పక్కలా పడతాది. మా పక్క పడింది రెండు వానలకే పొడైపోతా ఉంది. అవతల మాత్రం పోయినేడు రాలింది కూడా జానెడు మందాన అట్టే పరుచుకోనుండాది. ఆకు ఒకటే, మన్ను ఒకటే, మధ్యలో ఉండేది కందకమే.

ఈ నెల ఒకాయన వచ్చి మైకోరైజా పొడి వేయమన్నాడు. వేర్లకు మంచి బూజు పట్టి మట్టిలో కర్బనం పెరుగుతుంది, రేపు కార్బన్ క్రెడిట్లు, అంటే కర్బనం నేలలో నిలిపినందుకు ఇచ్చే డబ్బులు కూడా వస్తాయి అన్నాడు. నా మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.4 శాతమే ఉంది. వేర్లూ బూజూ ఉండే అవతల పక్క ఆకు నిలిచింది గదా, ఆయన చెప్పేది నిజమేనేమో అనిపిస్తా ఉంది. తెలిసినోళ్లు చెప్పండి.

తిరుపతి_బాటనీ

అన్నా, మీరు తెలీకుండానే ఒక పేరున్న ప్రయోగం చేశారు. న్యూజిలాండ్‌లో రూత్ గాడ్గిల్, పీటర్ గాడ్గిల్ అనే శాస్త్రవేత్తలు రేడియాటా పైన్ తోటలో ఇదే పని చేశారు. చెట్ల వేర్లు, వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రం (మీరనే బూజు) రాకుండా కొన్ని చోట్ల అడ్డుకట్టారు. అక్కడ ఆకు త్వరగా కుళ్లింది, వేర్లున్న చోట నిదానంగా కుళ్లింది. 1971లో అచ్చయింది. దాన్ని ఇప్పటికీ గాడ్గిల్ ఎఫెక్ట్ అనే అంటారు. వాళ్లు చెప్పిన కారణం ఏమిటంటే, వేరు శిలీంధ్రం ఆకుల్లోని నత్రజనిని ముందే లాగేసుకుంటుంది, కుళ్లబెట్టే శిలీంధ్రాలకు తిండి మిగలదు.

2014లో నేచర్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం ఎక్టోమైకోరైజా అనే వేరు బూజు పట్టే చెట్లున్న నేలల్లో, ఒక్కో పాలు నత్రజనికి, మిగతా నేలల కన్నా 70 శాతం ఎక్కువ కర్బనం ఉంది. నా ఓటు బూజుకే. పొడి వేయండి.

శేషాచలం_నడక

అమ్మా, చదివింది సరిగ్గానే చెప్పావు, చివరి మాట దగ్గరే నాకు పేచీ. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వేర్ల బూజు అంతా ఒకటి కాదు. ఎక్టో రకం వేరు కొనకు పైన తొడుగులా పట్టి, అక్కడి నుంచి ఆకుల పొరలోకి పాకుతుంది. పైన్ చెట్టుది అదే. మన కొండమీద జాలారి జాతి చెట్లు కూడా ఆ కోవలోవే. రెండోది ఆర్బస్క్యులర్ రకం. అది వేరు కణాల్లోకే దూరి కూర్చుంటుంది. మామిడి, వేప, ఎర్రచందనం అన్నీ దీని చుట్టాలే. ఆకును తానే విరగ్గొట్టే సత్తువ దీనికి లేదు. నీలగిరి రెండింటితోనూ పొత్తు పెట్టుకుంటుంది. రైతులు వామ్ అని కొనే పొడిలో ఉండేది రెండో రకం. గాడ్గిల్ వాళ్ల కథలో ఉండేది మొదటి రకం. ఒకదాని గుణం చూపించి ఇంకొకటి అమ్మితే ఎట్లా? ఆ 70 శాతం లెక్క కూడా చెట్ల రకాల మధ్య పోలిక. పొడి చల్లిన తోటకూ చల్లని తోటకూ మధ్య తేడా కాదు.

పైగా ఆర్బస్క్యులర్ శిలీంధ్రం వల్ల కుళ్లడం జోరందుకుంటుందని 2001లో నేచర్‌లోనే వచ్చింది. 2012లో సైన్స్ పత్రికలో వచ్చినదైతే ఇంకా సూటిగా ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెంచినప్పుడు ఈ శిలీంధ్రం మట్టిలోని సేంద్రియ కర్బనం తరుగును పెంచింది.

ఇక కందకం సంగతి. కందకం బూజునొక్కదాన్నే తెంపుతుందా? నీళ్లు లాగే వేర్లనూ తెంపుతుంది. వేర్లు తెగిన పక్క నేల చెమ్మగా ఉంటుంది, చెమ్మ ఉంటే ఆకు మగ్గుతుంది. అమెరికాలో ఎర్ర పైన్ తోటలో 2003లో ఇదే గమనించారు. ఎక్టోమైకోరైజా దట్టంగా ఉన్న చోట ఆకుపొర పొడిగా ఉంది, కుళ్లడం మందగించింది. నత్రజని కోసం పోటీ కంటే నీళ్లే అసలు కారణం కావచ్చు అన్నారు. ఏడాదిలో సగం నెలలు నోరెండే మన సీమలో నేను ముందు నీళ్లనే అనుమానిస్తాను. తోపాయన కందకం తీయించిందే నీళ్ల కోసం కదా!

తలకోన_దారి

సార్ చెప్పిందానికి అడవి నుంచి ఒక మాట. శేషాచలంలో ఆకు నిలిచినంత మాత్రాన మట్టికి చేరినట్టు కాదు. మాఘం దాటినాక మాను మాను బోడి అయిపోతాది. గుట్ట మీద ఆకూ అలమా మోకాటి కాడికి ఉంటాది. ఆ పైన యాడో ఒక అగ్గిపుల్ల పడిందంటే మొత్తం ఒక్క పూటలో పొగైపోతాది. అగ్గి పాకకుండా ఫైర్ లైన్లు కొట్టడం, కొమ్మలతో మంట బాదడం చేసినోణ్ని, కండ్లారా చూసినాను. అగ్గి తప్పిన ఆకుని చెదలు మోసుకుపోతాయి.

బూజు బూజు అంటా ఉన్నారు, చెదలు చేసే బూజు సేద్యం సంగతేంది? వాన పడితే పుట్టల మీద లేచేవి ఆ గొడుగులే గదా. మన పెద్దోళ్లు పుట్టగొడుగు అని ఊరికే పేరు పెట్టలేదు. చెదలు ఆకుని, పుల్లని నమిలి లోపల తోట కట్టి, దాని మీద ఆ బూజుని పెంచుతాయి. ఈ పుట్టలు లేని పైన్ తోట లెక్క మన కొండకి అట్టే పెడితే ఎట్లప్పా?

తిరుపతి_బాటనీ

సార్, పొడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు రకాలనూ కలిపేయడం నా తప్పే. కానీ మీరందరూ ఒకటి వదిలేశారు. ఆకు కుళ్లిందంటే కర్బనం పోయినట్టేనని ఎందుకు అనుకోవాలి? కుళ్లేటప్పుడు కొంత గాలిలో కలుస్తుంది, నిజమే. కొంత మాత్రం సూక్ష్మజీవుల ఒళ్లుగా మారి, అవి చచ్చాక బంకమట్టి రేణువులకు అతుక్కుంటుంది. అట్లా అతుక్కున్నది ఆకు కంటే చాలాకాలం నిలుస్తుంది.

ఇంకో సంగతి, మనం ఇంతసేపూ పైనుంచి రాలిన ఆకు గురించే కొట్లాడుతున్నాం. స్వీడన్‌లో సరస్సు మధ్య దీవుల అడవుల్లో 2013లో చూస్తే, నేలలో నిల్వ ఉన్న కర్బనంలో 50 నుంచి 70 శాతం వేర్ల నుంచి, వేర్లతో బతికే శిలీంధ్రాల నుంచి వచ్చిందే. అంటే తోపాయన కందకం పక్కన జానెడు మందం ఆకు చూసి లెక్క కడుతున్నారు, అసలు లెక్క కంటికి కనపడని చోట ఉంది.

శేషాచలం_నడక

ఈ మాటకు నేను తలవంచుతున్నాను. ఆకు మగ్గే వేగాన్నే పట్టుకుని మాట్లాడాను, వేరు చచ్చి మిగిల్చేది మరిచాను. అయితే స్వీడన్ చలిలో కుళ్లడమే బద్ధకంగా సాగుతుంది. ఆ 50, 70 అంకెలను మన ఎర్రమట్టికి ఎత్తుకొచ్చి పెట్టొద్దు. వేరు దిగువన ఇంకో పని కూడా చేస్తుంది. అది కార్చే చక్కెరలు తిని బలిసిన సూక్ష్మజీవులు పాత కర్బనాన్ని కూడా తవ్వుకు తింటాయి. వేరు ఒక చేత్తో పెడుతుంది, ఇంకో చేత్తో తీస్తుంది. నికరం ఎంతన్నది ఏ నేలకు ఆ నేలలోనే కొలవాలి. అందుకే పొడి డబ్బా మీద కర్బనం హామీ చూస్తే నాకు మండుతుంది. వామ్ వేయొద్దని నేననను, భాస్వరం అందని నేలలో నారు మొక్కకు అది సాయపడుతుంది. క్రెడిట్ల ఆశ చూపి రైతు చేత కొనిపించడం మాత్రం తప్పు.

బంగారుపాళ్యం_తోపు

సార్, అక్కా, తలకోన అన్నా, ముగ్గురికీ దండాలు. పొడి కొనను. కందకం ఉండనే ఉంది, నేనే కొలుస్తాను. ఎట్లనో చెప్పండి.

శేషాచలం_నడక

నైలాన్ దోమతెర గుడ్డతో సంచులు కుట్టించండి. ఎండిన ఆకు తూకం వేసి, ఒక్కోదాంట్లో ఒకే బరువు పెట్టండి. నీలగిరాకు వేరే, మామిడాకు వేరే. పక్కోళ్లను అడిగి కందకానికి రెండు వైపులా ఆకుపొర కింద పెట్టండి. తలకోన ఆయన చెప్పిన చెదల కోసం పెద్ద కన్నుల వలతో ఇంకో వరస కట్టండి.

అసలు కీలకం ఇది. అవతల వైపు సంచుల్లో సగానికి, మీ వైపు నేల ఎంత చెమ్మగా ఉంటే అంత చెమ్మ నిలిచేట్టు నీళ్లు పోస్తూ రండి. నీళ్లు పోసిన సంచిలో ఆకు మీ వైపు మాదిరే మగ్గితే అక్కడ నడిచింది నీళ్ల కథ. పోసినా నిలిచిందంటే ఆ అమ్మాయి చెప్పిన బూజు పోటీని నేను ఒప్పుకుంటాను. ఆరు నెలలకోసారి తీసి, మన్ను దులిపి, ఎండబెట్టి తూకం వేయండి. కర్బనం కోసమైతే కందకానికి రెండు పక్కలా అడుగు లోతు మట్టి తీసి పరీక్షకు పంపండి, పైపొర వేరే పొట్లం, కింది పొర వేరే పొట్లం.

తిరుపతి_బాటనీ

అన్నా, కందకం తెగ్గొట్టిన వేర్లు అక్కడే చచ్చి కుళ్లుతుంటాయి, అవి కూడా మట్టి లెక్కలో కలుస్తాయి. మూడేళ్లయింది కాబట్టి సన్నవేర్లు చాలావరకు పోయుంటాయి. అయినా మట్టి జల్లెడ పట్టి వేరు ముక్కలు ఏరాకే పంపండి. సంచులు పెట్టే రోజు చెప్పండి, నేనూ వస్తాను, తూకం యంత్రం నా దగ్గర ఉంది.