ఉపవాసం ‘విరమించడమా’, ‘భంగం చేయడమా’? ఇఫ్తార్ దుఆలో మాటల మీద చర్చ

నెలవంక:
ఇఫ్తార్ (సూర్యాస్తమయాన ఉపవాసం ముగించడం) దుఆల (ప్రార్థనల) కరపత్రానికి తెలుగు పాఠం సిద్ధం చేస్తున్నాం. ముసాయిదాలో శీర్షిక "ఉపవాసం భంగం చేసేటప్పుడు చదివే దుఆ" అని ఉంది. "భంగం" ఎబ్బెట్టుగా లేదూ? ఇంకోటి, దుఆలోని "ఉరూఖ్"ని నరాలు అనాలా, రక్తనాళాలు అనాలా?

అలిఫ్‌లామ్:
ఎబ్బెట్టు ఒక్కటే కాదండీ, అర్థమే తిరగబడుతుంది. ఇఫ్తార్ అన్న మాటకి మూలమైన ఫ-త-ర అనే అరబీ ధాతువుకి చీలడం, పగలడం అని అర్థం. ఆకాశం బద్దలవడంతో మొదలయ్యే ఖురాన్ 82వ సూరాకి (అధ్యాయానికి) "ఇన్ఫితార్" అన్న పేరు అందుకే వచ్చింది. పొద్దుగుంకాక ఖర్జూరం నోట్లో వేసుకున్నా "అఫ్తర" (ఆ ధాతువు నుంచి వచ్చిన క్రియ) అనే అంటారు, మిట్టమధ్యాహ్నం కావాలని అన్నం తిన్నా "అఫ్తర" అనే అంటారు. అరబీకి సందర్భం చాలు. ఉర్దూ మాత్రం రోజా ఖోల్నా, రోజా తోడ్నా అని విడదీసుకుంది. మనమూ విడదీయాలి. మొదటిది విరమించడం, విడవడం. రెండోది భంగం చేయడం. ఈ రెండోదానికి ఖజా ఉంది, అంటే బదులు ఉపవాసం. కొన్ని సందర్భాల్లో కఫ్ఫారా (ప్రాయశ్చిత్తం) కూడా పడుతుంది: వరసగా 60 రోజుల ఉపవాసం, అది చేతకాకపోతే 60 మంది పేదలకు భోజనం. భంగం చేయడానికి చదివే దుఆ అంటూ ఏదీ లేదు!

పదశోధి:
"పారణ" అనే చక్కని మాట ఉందిగా, అది పెడితే?

అలిఫ్‌లామ్:
ముగించడం అన్న అర్థం వరకు బాగానే అతుకుతుంది. కానీ పారణ అనగానే తెలుగువాడికి ద్వాదశి ఉదయం మనసులో మెదులుతుంది. ఇఫ్తార్ సూర్యాస్తమయానికి కట్టుబడింది. వేళే తారుమారైతే మాట ఎంత చక్కనిదైనా లాభం లేదు.

నెలవంక:
వేళ అంటే గుర్తొచ్చింది. ఖురాన్ 2:187లో "సుమ్మ అతిమ్ముస్సియామ ఇలల్లైల్" అని ఉంది. అంటే ఉపవాసాన్ని "లైల్" వరకు పూర్తి చేయమని. ఆ "ఇలల్లైల్"ని "రాత్రి వరకు" అని రాశాం. సరేనా?

జిజ్ఞాస:
కింద చిన్న వివరణ ఇవ్వకపోతే చిక్కే. మనకి రాత్రి అంటే ఏడూ ఎనిమిదీ దాటాక. అక్కడ "లైల్" సూర్యబింబం పూర్తిగా అస్తమించగానే మొదలవుతుంది. అస్తమయం రూఢి కాగానే ఆలస్యం చేయకుండా విరమించడం సున్నత్ (ప్రవక్త ఆచరణ). ఇఫ్తార్‌లో త్వరపడినంత కాలం జనం మేలులోనే ఉంటారని ప్రవక్త సహచరుడు సహ్ల్ బిన్ సఅద్ చెప్పిన హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖన) బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. షియాలు పాటించే జాఫరీ ఫిఖ్హ్‌లో (ధర్మశాస్త్రంలో) మాత్రం తూర్పు దిక్కున ఉన్న ఎరుపు పోయేదాకా ఆగుతారు. మబ్బులో పొద్దుగుంకిందనుకుని తినేశాక సూర్యుడు కనబడితే? వెంటనే తినడం ఆపాలి. ఎక్కువమంది ఫకీహ్‌ల (ధర్మశాస్త్ర పండితుల) మాట ప్రకారం ఆ రోజుకి ఖజా ఉంటుంది, కఫ్ఫారా లేదు. అది వేళ పొరపాటు. ఉపవాసమున్న సంగతే మరచి తినడం వేరు. అందులో ఉపవాసం నిలుస్తుందని అత్యధికులు, ఖజా ఉందని మాలికీ ధర్మశాఖవాళ్లు అంటారు.

అలిఫ్‌లామ్:
ఇక అసలు దుఆ. ప్రవక్త సహచరుడు ఇబ్నె ఉమర్ ఉల్లేఖించింది, అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది:

జహబజ్జమఉ, వబ్తల్లతిల్ ఉరూఖు, వ సబతల్ అజ్రు ఇన్షా అల్లాహ్.

తెలుగు లిపిలో రాసేటప్పుడు మూడు చోట్ల దెబ్బతింటుంది. "అల్ జమఉ" అని విడగొట్టకూడదు, జమఉలోని మొదటి అక్షరం ముందు లామ్ (ల) కరిగిపోయి ఆ అక్షరమే ఒత్తుతుంది. "వ ఇబ్తల్లత్" అనీ రాయకూడదు, "వ" తరవాత "ఇ" పోతుంది. "జమా" అని సాగదీయడం మూడో తప్పు. అక్కడున్నది దీర్ఘం కాదు, హమ్జా (గొంతులో క్షణం ఆపి పలికే అరబీ హల్లు). పైగా జహబలోని జాల్, జమఉలోని జో వేరువేరు అక్షరాలు, మన లిపిలో రెండూ "జ"లోనే పడతాయి. కాబట్టి పక్కన అరబీ పాఠం ఉండి తీరాలి.

"నరాలు" అనే ఉంచండి. సూది వేసేటప్పుడు "నరం దొరకలేదు" అంటామే, ఆ నరమే ఇది. "రక్తనాళాలు తడిశాయి" అంటే పాఠ్యపుస్తకం చదువుతున్నట్టుంటుంది.

పదశోధి:
"దాహం తీరింది, నరాలు తడిశాయి, ప్రతిఫలం ఖాయమైంది" అని మూడూ భూతకాలంలోనే ఉన్నాయి. మరి నోట్లో ఏమీ వేసుకోకముందే ఎలా అంటారు?

అలిఫ్‌లామ్:
అందుకే ఇది గుక్కెడు నీళ్లు దిగాక చదివేది. తినేముందు బిస్మిల్లాహ్ చాలు. ఇన్షా అల్లాహ్ చివరి ముక్కకే ఎందుకు తగిలిందో చూడండి. దాహం తీరిందని గొంతుకి తెలుస్తుంది. పుణ్యం సంగతి మనిషి చేతిలో లేదు. ఇది నేను చదువుకునే తీరు. శుభం కోసమే అన్నారని చెప్పేవాళ్లూ ఉన్నారు.

జిజ్ఞాస:
జనం నోళ్లలో ఎక్కువగా నానే "అల్లాహుమ్మ లక సుమ్తు వ అలా రిజ్ఖిక అఫ్తర్తు" కూడా భూతకాలమే: "నీ కోసమే ఉపవాసమున్నాను, నువ్విచ్చిన ఆహారంతోనే విరమించాను." ముందే చదివేవాళ్లకి ఒక సమర్థన ఉంది. గడపలో ఉండగానే "వచ్చేశా" అంటామే, అలాంటి భూతకాలం. దీన్ని చెప్పిన ముఆజ్ బిన్ జుహ్రా సహాబీ (ప్రవక్త సహచరుడు) కాదు, తాబియీ (ఆ తరవాతి తరంవాడు). అందుకే ముర్సల్ (మధ్యలో సహాబీ పేరు లేని ఉల్లేఖన) అంటారు. మధ్యలో "వ బిక ఆమన్తు, వ అలైక తవక్కల్తు" (నిన్నే విశ్వసించాను, నీ మీదే భారం వేశాను) అని చేర్చి చదువుతారు. అర్థం మంచిదే, కానీ అబూ దావూద్ పాఠంలో ఆ ముక్కలు లేవు. కరపత్రంలో హదీసు అని వేసేటప్పుడు తీసేయండి.

నెలవంక:
ప్రవక్త (స) దేనితో విరమించేవారో చెప్పే ఖర్జూరాల వాక్యం ఇలా రాశాం: "పచ్చి ఖర్జూరాలతో, లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే నీళ్లతో."

అలిఫ్‌లామ్:
"పచ్చి" తీసేయండి. రుతబ్ అంటే చెట్టున మెత్తగా మగ్గిన తాజా పండు, కాయ కాదు. తమ్ర్ ఎండినది. నీళ్ల దగ్గర "హసవాత్" అని ఉంది, "కొన్ని గుక్కలు" అనండి. దైవప్రవక్త (స) మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజుకి ముందే ఇలా విరమించేవారన్నది సహచరుడు అనస్ మాట, ఆ "ముందే" వదలొద్దు. బేసి సంఖ్య ప్రస్తావన ఇందులో లేదు. అది ఈదుల్ ఫిత్ర్ (రంజాన్ పండుగ) ఉదయం తినే ఖర్జూరాల గురించిన హదీసులోది.

జిజ్ఞాస:
ఇంకొక్కటి. ఉపవాసి దుఆ తిరస్కరించబడదన్న హదీసు రెండు పాఠాల్లో ఉంది. "హీన యుఫ్తిరు" అంటే విరమించే వేళ, "హత్తా యుఫ్తిర" అంటే విరమించే వరకు. రెండోది తీసుకుంటే పగలంతా దుఆకి వేళే. ఏ పాఠం వేస్తున్నారో దానికి తగ్గ తెలుగే పెట్టండి.

పదశోధి:
వేరే వాళ్లింట ఇఫ్తార్ చేస్తే చదివేది "అఫ్తర ఇందకుముస్సాఇమూన్, వ అకల తఆమకుముల్ అబ్రార్, వ సల్లత్ అలైకుముల్ మలాఇకహ్." మళ్లీ అదే అఫ్తర! "విరమించారు" అనేనా?

అలిఫ్‌లామ్:
కాదు, ఇక్కడ భూతకాల రూపంలో ఆశీస్సు. "ఉపవాసులు మీ ఇంట ఇఫ్తార్ చేయుదురు గాక, సజ్జనులు మీ అన్నం తిందురు గాక, దైవదూతలు మీ కోసం ప్రార్థింతురు గాక." "గాక" మూడుసార్లూ ఉంచండి.