మూడు పాత సిస్టమ్‌లు, డబ్బులు ఒక్కదానికే: విండోస్ 11 దేనికి వేయించాలి?

డీటీపీ_బాబాయ్:
అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ఉన్నవి మూడు సిస్టమ్‌లు, మూడింట్లోనూ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దాని సపోర్ట్ అయిపోయిందని తెలుసు, అయినా అలాగే నెట్టుకొస్తున్నాం. ఇప్పుడు ఒకదాన్ని విండోస్ 11కి మార్చి, దాని మీద కాస్త ఖర్చు పెడదామనుకుంటున్నాను.

మొదటిది డెస్క్‌టాప్, ఐ3-6100, 4 జీబీ ర్యామ్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గృహప్రవేశం ఆహ్వానాలు అన్నీ దీంట్లోనే, పేజీలు డిజైన్ చేసే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లు. షాపుకి అన్నం పెట్టేది ఇదే. రెండోది ల్యాప్‌టాప్, ఐ5-8250యు, 8 జీబీ, మామూలు హార్డ్ డిస్క్, ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, జీఎస్టీ, బ్యాంకు పనులు దీంట్లో. మూడోది అసెంబుల్డ్ కోర్ 2 డుయో, 4 జీబీ, ఇంట్లో పిల్లలకి.

సంపాదన మొదటిదాని మీదే కాబట్టి దానికే చేయించాలని నా ఉద్దేశం. మా బావమరిదేమో ల్యాప్‌టాప్‌కి చేయించమంటున్నాడు. మీరేమంటారు?

స్క్రూడ్రైవర్_సుబ్బు:
బావమరిది మాట వినండి బాబాయ్. ఇంటెల్‌లో 8వ తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా సపోర్ట్. మీ మోడల్ నంబర్లో గీత తర్వాత అంకె చూడండి, 8250లో 8, 6100లో 6. అంటే డెస్క్‌టాప్ ఆ గేటు దగ్గరే ఆగిపోయింది. 11కి టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని ఇంగ్లిష్‌లో కొట్టండి, వెర్షన్ 2.0 అని కనిపిస్తే సరి. కనిపించకపోతే లేదని కాదు, చాలావాటిలో బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది, అక్కడ పీటీటీ అనే పేరుతో వెతకండి.

డబ్బులు మాత్రం ముందు ఎస్ఎస్‌డీకి పెట్టండి, హార్డ్ డిస్క్ బదులు వేసే చాలా వేగమైన డిస్క్ అది. ఆ హార్డ్ డిస్క్ మీదే 11 వేస్తే మీ టీ కాస్తా భోజనం అవుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని:
ఇంత టెన్షన్ ఎందుకన్నా, రూఫస్ అనే ఫ్రీ టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసుకుంటే ఆ టీపీఎం, ప్రాసెసర్ చెకింగులన్నీ దాటేయొచ్చు. నేను 7వ తరం ల్యాప్‌టాప్‌లో వేసుకున్నా, బాగానే నడుస్తోంది. డెస్క్‌టాప్‌కి కూడా వేసేయండి, ఫ్రీయే కదా.

స్క్రూడ్రైవర్_సుబ్బు:
నాని తమ్ముడూ, నీ సొంత ల్యాప్‌టాప్ అయితే నీ ఇష్టం. అలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ముహూర్తం దగ్గర పెట్టుకుని కార్డులు ప్రింటుకి వెళ్లాల్సిన రోజున అది మొరాయిస్తే ఎవరు జవాబుదారీ? కోర్ 2 డుయో మీద అయితే రూఫస్ కూడా ఏమీ చేయలేదు, విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఆ ప్రాసెసర్లలో బూటే అవదు.

ప్రూఫ్‌రీడర్_పద్మ:
నేనూ ఇదే ఫీల్డులో ఉన్నానండీ, అందుకే చెబుతున్నాను. ఏది పాతది, ఏది డబ్బు తెస్తుంది అని కాకుండా పాస్‌వర్డులు, ఓటీపీలు ఏ సిస్టమ్‌లో కొడుతున్నారో చూడండి. సెక్యూరిటీ అప్‌డేట్లు అందరికంటే ముందు కావలసింది దానికి. మీ బ్యాంకూ, జీఎస్టీయే కాదు, ఊళ్లోవాళ్ల ఆధార్ నంబర్లు కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే కదా కొట్టేది.

డీటీపీ సిస్టమ్‌ని కదపకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ (పాతరకం విండోస్) అని ఉందేమో ఒకసారి చూసుకోండి. విండోస్ 11లో 32 బిట్ లేదు, కాబట్టి మొత్తం తుడిచి కొత్తగా వేయాల్సిందే, పైగా బాగా పాత 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్‌లో నడవవు. నడిచే పేజ్‌మేకర్‌ని చెడగొట్టుకోవడం ఎందుకు? నెట్ కేబుల్ పీకేసి పెట్టండి చాలు.

అయితే నెట్ తీసేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు, మన షాపుల్లో వైరస్ వచ్చేది కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో. ఫొటో ఇస్తాడు, దాంతోపాటు ఫోల్డర్ బొమ్మతో ఒక ఈఎక్స్ఈ ఫైలూ, అంటే క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామూ, ఇస్తాడు, మనం ఫోల్డరే అనుకుని డబుల్ క్లిక్ చేస్తాం. మా దగ్గర పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు అప్‌డేట్లు వచ్చే సిస్టమ్‌లోనే పెడతాం, స్కాన్ చేసి, కావలసిన ఫొటో ఒక్కటే మా సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని డీటీపీ సిస్టమ్‌కి ఇస్తాం. కస్టమర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

మింట్_మాస్టారు:
మూడోదాని సంగతి ఎవరూ మాట్లాడలేదు. విండోస్ బదులు వాడుకునే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేయండి, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, మింట్‌కి 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలంటారు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్క్ ముట్టుకోనక్కర్లేదు. తెలుగు యూనికోడ్ టైపింగ్ బాగానే ఉంటుంది. అను ఫైళ్లు మాత్రం అందులో తెరవాలని చూడకండి.

డీటీపీ_బాబాయ్:
చాలా థ్యాంక్సండీ. పద్మగారు చెప్పిన పెన్‌డ్రైవ్ పద్ధతి ఈరోజు నుంచే మొదలు. ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 ఉంది. కానీ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ లెగసీ అని చూపిస్తోంది. ఇది అడ్డమా?

స్క్రూడ్రైవర్_సుబ్బు:
అడ్డమే, లెగసీ అంటే పాత పద్ధతి బూటింగ్, విండోస్ 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి. కానీ దాటొచ్చు. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోకుండా డిస్క్‌ని పాత ఎంబీఆర్ అమరిక నుంచి యూఈఎఫ్ఐకి కావలసిన జీపీటీ అమరికకి మారుస్తుంది. ఆ తర్వాత బయోస్‌లో లెగసీ తీసి యూఈఎఫ్ఐ పెట్టాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ అవనిచ్చే సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేస్తే మంచిది. డేటా పోదు అన్నాను కదా అని బ్యాకప్ మానకండి, జీఎస్టీ ఫైళ్లు ముందు బయట కాపీ పెట్టుకోండి. కొత్త ఎస్ఎస్‌డీ కొని 11 ఫ్రెష్‌గా వేయించుకుంటే ఈ డిస్క్ మార్పిడి గొడవే ఉండదు, బయోస్‌లో యూఈఎఫ్ఐ మాత్రం పెట్టాల్సిందే, పాత హార్డ్ డిస్క్ అలాగే పక్కన పెట్టేయొచ్చు. ఫ్రెష్‌గా వేశాక డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయ్యే (తాళం పడే) అవకాశం ఉంది, ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పడేయండి.